నిశ్చయించిన పిమ్మట సంశయము

తిరుమలకు కాలినడకను పోవు భక్తులకు రెండు సోపానమార్గములు కలవు. అలిపిరినుండి బయలుదేరు మార్గమున 3550 మెట్లు. శ్రీనివాసమంగాపురమునకు సమీపమునుండి సాగు శ్రీవారిమెట్టు మార్గమున 2388 మెట్లు. మొదటిది దీర్ఘము, రెండవది హ్రస్వము. ఏ మార్గమున నెక్కినను చేరునది స్వామి సన్నిధానమే. అయినను అలిపిరి మార్గమున గాలిగోపురము వఱకు ఎక్కి, మోకాళ్ళు నొచ్చి చతికిలబడినవానికి "ఆ దారిని వచ్చియుండిన ఈపాటికి కొండపై నుండెడివాడను గదా!" యను తలంపు కలుగుట సహజము. తలంపు కలుగుట దోషము కాదు. దానిని పట్టుకొని క్రిందికి దిగువాడు ఎక్కిన మెట్లన్నిటిని పోగొట్టుకొనును. దిగక, ఎక్కక, అచటనే కూర్చుండి చింతించువాడు ప్రొద్దెక్కువఱకు చల్లని వేళను పోగొట్టుకొనును.

సంసారయాత్రయందును ఇట్టి ఘట్టములు పెక్కు కలవు. వానిలో నేటి గృహస్థులను మిక్కిలి కలతపెట్టునది పిల్లల కళాశాల ప్రవేశము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఏటేట వేలకొలది విద్యార్థులు ఈఏపీసెట్ పరీక్ష వ్రాసి, ర్యాంకు పొంది, కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టి, సీటు వచ్చిన కళాశాలలో రుసుము చెల్లించి చేరుచున్నారు. చేరిన నెల తిరుగకముందే పలువురికి "తప్పు చేసితినా?" యను ప్రశ్న హృదయమున ముల్లువలె నాటుకొనుచున్నది. ఆ ప్రశ్నతో నిద్ర చెడి, చదువు చెడి, తమ జన్మమే వ్యర్థమని తలచు స్థితికి వచ్చు బాలబాలికలును లేకపోలేదు. కావున ఇది చిన్న విషయము కాదు.

ఒక గృహస్థుని కుమారుడు తన యిష్టముతోనే సివిల్ ఇంజనీరింగు శాఖను కోరి, ఇంటికి చేరువనున్న కళాశాలలో చేరెను. తండ్రి తొలుత వలదనెను. కుమారుని పట్టుదల చూచి సరేయనెను. ఆ యేడే పెదతండ్రి కుమారునికి హైదరాబాదున కంప్యూటరు శాఖలో సీటు లభించెను. పండుగకు అందఱును కలిసినపుడు అతని ముచ్చటలు విన్న నాటినుండి ఈ బాలుని మనస్సు కుదురుకొనలేదు. తరగతిలో కూర్చున్నను తలంపు ఆ కళాశాలమీదనే. మొదటి సెమిస్టరులో రెండు పాఠ్యాంశములు తప్పెను. తండ్రి "నేనప్పుడే చెప్పితిని" అనెను. ఆ మాటకు బాలుడు అన్నము ముందునుండి లేచిపోయెను.

ఆ యింటి తాతగారు నిత్యము శ్రీమద్రామాయణ పారాయణము చేయువారు. మనుమని చెంత కూర్చుండబెట్టుకొని, "నాయనా! నీ చదువు నీకు రుచింపకున్నదా, లేక అన్న చదువు నీకు మెఱయుచున్నదా?" యని యడిగిరి. బాలుడు చాలసేపు ఊరకుండి, "అదియే తెలియకున్నది, తాతగారూ" అనెను. "తెలియకున్నదని తెలిసినది గదా. అచటినుండి చూతము" అని వారు వివరింప మొదలిడిరి.

ఒకే వస్తువునందు పరస్పరవిరుద్ధములైన ధర్మములు తోచుటను తర్కశాస్త్రము సంశయమనుచున్నది. మసకచీకటిలో దూరమున నిలువుగా నేదో కనబడును. అది మ్రోడా, మనిషియా? నిలిచినచోటనే నిలిచి ఎంత తర్కించినను తేలదు. దగ్గఱకు పోయి చూచినపుడే తేలును. చేరిన కళాశాల దగ్గఱనున్నది గనుక దాని గోడల పగుళ్ళు సైతము కనబడుచున్నవి. చేరని కళాశాల దూరమున నున్నది గనుక దీపములు మాత్రమే కనబడుచున్నవి. ఒకదానిని దగ్గఱనుండియు, మఱియొకదానిని దూరమునుండియు చూచి పోల్చినపుడు తీర్పు న్యాయముగా నుండుట యెట్లు?

అట్లని నిశ్చయమునకు పూర్వము విచారింపరాదని పెద్దలు చెప్పలేదు. విభీషణుడు నలుగురు అనుచరులతో వచ్చి శరణుకోరినపుడు శ్రీరామచంద్రుడు తొందరపడలేదు. వానరప్రముఖుల అభిప్రాయముల నడిగెను. సుగ్రీవుడు వలదనెను, పరీక్షింపవలెనని కొందఱనిరి, స్వీకరింపవచ్చునని హనుమంతుడు చెప్పెను. అందఱి మాటలు విన్న పిమ్మట స్వామి శరణాగతరక్షణము తన వ్రతమని ప్రకటించి విభీషణునకు అభయమొసగెను. వెంటనే సముద్రజలముతో లంకారాజ్యమునకు అభిషిక్తుని చేయించెను. ఇచట గృహస్థులు విశేషముగ గమనింపవలసినది సుగ్రీవుని నడవడి. అందఱికంటె గట్టిగా వలదన్నవాడు అతడే. స్వామి నిశ్చయించిన పిదప విభీషణుడు తమకు సమానుడు, మిత్రుడు కావలెనని పలికినవాడును అతడే. పిల్లవాడు ఒక కళాశాలలో చేరిన పిదప "నేనప్పుడే చెప్పితిని" అను తండ్రి ఈ ఘట్టమును మఱియొకసారి పారాయణము చేయుట మంచిది.

నేటి ప్రవేశవిధానములందును విచారమునకు కాలమున్నది, దానికి అవధియు నున్నది. ఐఐటీలు, ఎన్ఐటీలలో ప్రవేశములు జరుపు జోసా కౌన్సెలింగులో సీటు వచ్చిన విద్యార్థి మూడింటిలో నొకటి కోరుకొనవలెను. దానితోనే తృప్తిపడుట ఫ్రీజ్. ఉన్నదానిని నిలుపుకొని మెఱుగైన మఱియొక సంస్థకు ఎదురుచూచుట ఫ్లోట్. అదే సంస్థలో మెఱుగైన శాఖకు ఎదురుచూచుట స్లైడ్. ఆవృత్తులు ముగిసిన పిమ్మట ఎదురుచూపులకు తావులేదు. విధానము ముగిసినను మనస్సు మాత్రము ఫ్లోటులోనే తేలుచుండుటయే దుఃఖహేతువు.

దీనికి సుందరకాండమున చక్కని దృష్టాంతము కలదు. ఇంద్రజిత్తు ప్రయోగించిన బ్రహ్మాస్త్రమునకు హనుమంతుడు కట్టువడి కదలకుండెను. రాక్షసులకు ఆ బంధము చాలునని తోచలేదు. జనపత్రాళ్ళను, నారచీరలను తెచ్చి బిగించిరి. అన్యబంధమును సహింపని బ్రహ్మాస్త్రము తక్షణమే హనుమంతుని విడిచెను. ఎంతటి కార్యము వ్యర్థమయ్యెనని ఇంద్రజిత్తు చింతించెను. ప్రపత్తికి అంగమైన మహావిశ్వాసమును బోధించుటకు శ్రీవైష్ణవాచార్యులు ఈ కథను ఉదాహరింతురు. భగవంతుని శరణుజొచ్చి, చాలదేమోయని వేఱు ఉపాయమును వెదకువాని శరణాగతియు ఆ అస్త్రమువలెనే జాఱిపోవును.

ఈ న్యాయమును లోకవ్యవహారమున వాడునపుడు ఒక మెలకువ అవసరము. కళాశాల భగవంతుడు కాదు. దానియందు మహావిశ్వాసము విధింపబడలేదు. బోధన సరిగా జరుగనిచోట, రుసుము గృహమునకు మోయరానిదైనచోట, ఆరోగ్యము చెడినచోట, శ్రద్ధతో ఒక యేడు చదివినను మనసొప్పని శాస్త్రమైనచోట మార్పు కోరుట తప్పు కాదు. నిద్రాహారములు మాని కుమిలిపోవు బిడ్డ నుండిన, ముందు వైద్యునకు చూపవలెను. కళాశాల మాట తరువాత. ఇట్టి కారణము కలవాడు పెద్దలతో ఆలోచించి మఱల నిశ్చయించుకొనవచ్చును. కారణము లేక పోలికయే మిగిలినవాడు మనస్సును సగము అచట, సగము ఇచట ఉంచరాదు. సగము మనస్సుతో చదివిన చదువు ఏ కళాశాలలోనైనను తప్పును.

రెంటికిని చెడితినేమోయను భయము అర్జునునకును కలిగెను. యోగమున ప్రవేశించి మధ్యలో మనస్సు చలించినవాడు చెదరిన మేఘమువలె నశించునా యని గీత ఆఱవ అధ్యాయమున అతడు ప్రశ్నించెను. మంచిపని చేయువాడెవడును దుర్గతి పొందడని, చేసిన సాధన మఱుజన్మమునందును తోడువచ్చునని భగవానుడు ఓదార్చెను. పరమపురుషార్థ సాధనయందే తడబాటునకు ఇంతటి అభయమున్నపుడు, నాలుగేండ్ల చదువునందలి ఒక యెన్నిక జీవితమునంతను ముంచివేయునని భయపడనేల?

ఇదంతయు విన్న మనుమనితో తాతగారు, "రెండవ సెమిస్టరు ముగియువఱకు ఆ కళాశాలతో పోల్చుట మానుము. అటుపిమ్మట నీకు తోచినది చెప్పుము, మీ నాయనతో నేను మాటాడెదను" అనిరి. గడువు చిన్నదగుటచే బాలుడు అంగీకరించెను. తండ్రియు ఆ నాలుగు మాసములు ఆ ప్రస్తావన తేలేదు. తప్పిన రెండు పాఠ్యాంశములు ఉత్తీర్ణములైనవి. గడువు తీఱిన నాడు తాతగారు అడుగగా, "వచ్చే యేడు వంతెనల నిర్మాణము చెప్పెదరట, తాతగారూ" అని మాత్రము పలికెను. ఆ మఱియొక తలంపు పూర్తిగా పోయినదని అతడు చెప్పలేదు, ఎవ్వరును అడుగలేదు.

గాలిగోపురమున కూర్చున్నవానికి ఎదుట నున్నవి అలిపిరి మెట్లే. విశ్రాంతి తీసికొని, గోవిందనామము స్మరించి, తరువాతి మెట్టుపై పాదము మోపవలెను. ఏ మార్గమున నెక్కువానికైనను కొండపైన ఎదురుచూచువాడు ఒక్కడే. ఆ శ్రీనివాసుడు చదువుకొను బిడ్డలకు స్థిరమైన బుద్ధిని, వారి తల్లిదండ్రులకు ఓర్పును అనుగ్రహించుగాక!