ఏ మార్పూ ఒక్క రోజులో రాదు



మన కొనకనమిట్ల వైపు రైతుకు తెలిసిన బాధే ఇది. నిన్న సాయంత్రం దాకా నీళ్లు పోసిన బోరు, పొద్దున మోటారు వేస్తే గాలి కక్కుతుంది. ఒక్క రాత్రిలో జరిగినట్టుంటుంది. కానీ నీటిమట్టం ఏళ్ల తరబడి దిగుతానే ఉంది. పైపు కొస నీళ్లలో ఉన్నన్నాళ్లు మనకు తెలియలేదు, అంతే. ఇప్పుడు ఒక్క వాన పడినంత మాత్రాన ఆ బోరు మళ్లీ పోయదు.

బుద్ధ భగవానుడు పటిచ్చసముప్పాదంలో చెప్పింది ఇదే. కారణాలు కూడితే ఫలితం పుడుతుంది. కారణాలు తొలగితే పోతుంది. అది దేవుడి కోపమూ కాదు, తలరాతా కాదు.

సమాజమూ అంతే. పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. చూస్తుండగానే ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. అంతకు ముందు ఎన్నేళ్లుగానో కూలి డబ్బు సారాకే పోయేది. ఎవరికి వాళ్లు "నా ఖర్మ" అనుకుని ఊరుకున్నారు. అక్షరాస్యత తరగతుల్లో పక్కపక్కన కూర్చున్నాక, అందరిదీ ఒకటే బాధని తెలిసింది. పదిమంది లేచేసరికి పదకొండో ఆమెకు భయం పోయింది. ఊరిని చూసి ఊరు లేచింది.

అయితే 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. తాగాలనే తృష్ణ మనుషుల్లో పోలేదు, మద్యం ఆదాయం మీద ప్రభుత్వానికి ఆశా పోలేదు. కారణాలు మిగిలితే పాత ఫలితం మళ్లీ మొలుస్తుంది.

బాబాసాహెబ్‌కు ఇది తెలుసు. హిందువుగా చావనని 1935 అక్టోబర్ 13న యేవలాలో ప్రకటించారు. దీక్ష తీసుకున్నది 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో. ఆ రోజు లక్షల మంది ఒక్కసారిగా మారినట్టు లోకానికి కనబడింది. దాని వెనక 21 ఏళ్ల చదువు, పోరాటం, ఆలోచన ఉన్నాయి. ఆ రోజు ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నదీ ఒకటి. చట్టం సడలినా శీలం సడలకూడదనే కదా!

కాబట్టి అన్నలారా, అక్కలారా, "మన పేట ఎప్పుడు మారుద్ది?" అని నిట్టూర్చొద్దు. ఒక ఇల్లు తాగుడు మానినా, ఒక పిల్ల బడి మానకుండా నిలబడినా అది ఒక కారణం చేర్చినట్టే. పైకి ఏమీ కనబడదు. అయినా మట్టం పెరుగుతానే ఉంటుంది.

ఈ పున్నమికి విహారంలో కూర్చున్నప్పుడు ఒక్కొక్కరూ చెప్పండి: ఈ నెల నేను చేర్చిన కారణం ఏది? తొలగించింది ఏది?

జై భీమ్!