అర్జెంట్ సేల్ అంటే ముందు ఒరిజినల్స్ అడగండి

‘అర్జెంట్ సేల్. ఓనర్ విదేశాలకు వెళ్తున్నారు. మార్కెట్ రేటు కన్నా తక్కువ.’ హైదరాబాద్, విజయవాడ, విశాఖ... ఏ ఊరి ఇళ్ల ప్రకటనలు తిరగేసినా ఈ మాటలే. వీటిని నమ్మి అడ్వాన్స్ ఇచ్చి, అది వెనక్కి రాక న్యాయవాదుల దగ్గరికి ఈమధ్య ఒకరి వెంట ఒకరు వస్తున్నారు.

అమ్మేవారి అవసరం నిజమే కావచ్చు. కూతురి పెళ్లి, ఆస్పత్రి ఖర్చు, ఉద్యోగంలో బదిలీ... ఎందుకు అమ్ముతున్నారో చెప్పి తీరాలని చట్టం అనదు. అయితే టైటిల్‌లో లోపం ఉండి, మామూలు జాగ్రత్తతో కొనేవారికి అది తెలిసే వీలు లేకపోతే మాత్రం చెప్పాల్సిందే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ చెప్పేది ఇదే. ఆ మామూలు జాగ్రత్తే చాలామంది తీసుకోవడం లేదు.

తాజా కేసు నిజాంపేటలో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ కొనబోయిన దంపతులది. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు అన్నీ కలర్ జిరాక్సులే చూశారు. ‘‘ఒరిజినల్స్ లాకర్‌లో ఉన్నాయి సార్, రిజిస్ట్రేషన్ రోజు తెస్తాను. సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది, తర్వాత మీ ఇష్టం’’ అన్నాడు ఓనర్. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే క్లీన్‌గా ఉంది. ఆ సాయంత్రమే 8 లక్షలు చేతిలో పెట్టి అగ్రిమెంట్ రాయించుకున్నారు. కొన్ని వారాలకు వెళ్లి చూస్తే తలుపుకు బ్యాంకు పొసెషన్ నోటీసు అంటించి ఉంది. ఒరిజినల్స్ అప్పటికి చాలాకాలంగా ఆ బ్యాంకులోనే తాకట్టులో ఉన్నాయి.

అప్పు మొండి బాకీగా మారితే, 2002 నాటి సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ కింద బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. ఆ నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆస్తిని అమ్మకూడదని 13(13) చెబుతోంది. ఓనర్ తొందరంతా ఈ గడువు గురించే. అడ్వాన్స్ ఇచ్చినవారికి ఆ సొమ్ము మేరకు ఆస్తిపై హక్కు ఉంటుంది గానీ, ముందే తాకట్టు పెట్టుకున్న బ్యాంకు తర్వాతే వారి వంతు.

మరి ఈసీలో ఎందుకు లేదు? రిజిస్టరైన లావాదేవీలే అందులోకి ఎక్కుతాయి. డాక్యుమెంట్లు డిపాజిట్ చేసి తీసుకున్న అప్పులన్నీ రిజిస్ట్రేషన్ దాకా రావు. ఓనర్ మీద అక్కచెల్లెళ్లు వేసిన పార్టిషన్ సూట్ కూడా సాధారణంగా కనపడదు. కానీ ఆ సూట్ నడుస్తుండగా కొన్నవారు దాని తీర్పుకు కట్టుబడాల్సిందే. ఇవన్నీ రిజిస్ట్రేషన్ ఆఫీసు చూసుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. రిజిస్ట్రేషన్ చట్టం కింద టైటిల్ తేల్చే అధికారం సబ్ రిజిస్ట్రార్‌కు లేదని తమిళనాడుకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. సరే, తేల్చొద్దు. ‘ఇందులో బ్యాంకు అప్పు, కోర్టు కేసు కనపడకపోవచ్చు’ అని ఈసీ ఇచ్చేటప్పుడు సిబ్బంది ఒక్క మాట చెబితే ఎన్ని కుటుంబాలు బయటపడేవి!

కొనేవారి నిర్లక్ష్యం కూడా తక్కువేం కాదు. ఇంటీరియర్ డిజైనర్‌ను ముందే మాట్లాడుకుని, లీగల్ ఒపీనియన్‌కు మాత్రం అడ్వాన్స్ ఇచ్చాక వస్తారు. జిరాక్స్ చూసి రూపాయి కూడా ఇవ్వకూడదు. సర్టిఫైడ్ కాపీ చూసి కూడా ఇవ్వకూడదు, అది ఎవరైనా తీసుకోవచ్చు. ఒరిజినల్స్ లాకర్‌లో ఉన్నాయంటే, లాకర్ తెరిచి చూపించాకే అడ్వాన్స్ మాట.

తాకట్టుల వివరాలు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి వెతకవచ్చు. ఓనర్ పేరుతో ఈ-కోర్ట్స్‌లో కేసులు చూడవచ్చు. అప్పు ఉందని ఓనరే ఒప్పుకుంటే భయపడక్కర్లేదు. బాకీ ఎంతో చెబుతూ, అమ్మకానికి ఒప్పుకుంటున్నట్టు బ్యాంకు నుంచి లెటర్ తెప్పించి, డబ్బు నేరుగా లోన్ అకౌంట్‌కే కట్టాలి. ఓనర్ చేతికి కాదు.

నిజాంపేట దంపతులను ‘ఇది సివిల్ మ్యాటర్’ అని పోలీసులు తిప్పి పంపారు. కానీ తాకట్టు దాచిపెట్టి అడ్వాన్స్ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు కూడా అవుతుంది. స్టేషన్‌లో తీసుకోని ఫిర్యాదును ఇప్పుడు పైఅధికారికి పంపారు. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్తారు. అగ్రిమెంట్‌తో పాటు ‘అర్జెంట్ సేల్’ ప్రకటన స్క్రీన్‌షాట్, లాకర్ మాట ఉన్న వాట్సాప్ మెసేజ్ కూడా ఫిర్యాదుకు జతచేశారు.