టీకామందు శీతలపేటికపై నిఘా

ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో పిల్లల టీకామందులను 2 మొదలు 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య నిలువ చేయవలెను. చల్లదనము ఎంత హెచ్చిన అంత మేలని పలువురు తలంతురు; అది సరికాదు. ధనుర్వాతము, కోరింతదగ్గు మొదలగువానిని నివారించు పెంటావాలెంట్ టీకా గడ్డకట్టినచో దాని శక్తి నశించును. కరిగిన పిమ్మట చూపునకు మంచి మందువలెనే కనబడవచ్చును. చిక్కంతయు ఇక్కడనే కలదు.

అందుచేత 2015లో మన దేశమున ఆరంభమైన 'ఈవిన్' ఏర్పాటులో పేటికయందలి సెన్సర్ ఉష్ణోగ్రతను కొలిచి, ఆ అంకెలను ఫోను సంకేతముల ద్వారా పంపును. జిల్లా అధికారులు అన్ని కేంద్రముల స్థితిని ఒకే తెరపై చూడగలరు. ఈ తెరనే డాష్‌బోర్డు అందురు.

తెరపై ఇప్పుడు 5 డిగ్రీలున్నంత మాత్రమున తృప్తి చెందరాదు. రాత్రి ఎన్ని గంటలు హద్దు దాటినదో చూడవలెను. అసలు అంకెయే రాని కేంద్రమును మరింత శంకింపవలెను. కరెంటు పోయినదో, సెన్సర్ చెడినదో, సంకేతమే అందలేదో ఒకరు వెళ్లి చూచిననే తేలును. కావున సభ్యులు కేంద్రమునకు పోయినపుడు, గడచిన వారమున ఎన్ని హెచ్చరికలు వచ్చినవి, ఎవరు వచ్చి సరిచేసిరి అని అడుగవలెను. తెర వచ్చినదని, దినమునకు రెండుమార్లు చేతితో వ్రాయు ఉష్ణోగ్రత పట్టికను మాననీయరాదు.