చిరుత బాట - భక్తుల బాట

శేషాచలం కొండలు శ్రీవారి సన్నిధానమే కాదు. చిరుతలకు, ఎలుగుబంట్లకు, దేవాంగ పిల్లులకు నివాసం కూడా. ఇక్కడి శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989లో ఏర్పడింది. తిరుమలకు పోయే కాలిబాట ఈ అడవి గుండానే సాగుతుంది.

2023 ఆగస్టులో అలిపిరి మార్గంలో ఆరేళ్ల బాలిక చిరుత దాడిలో మరణించింది. కన్నవారి దుఃఖాన్ని ఏ మాటలూ తీర్చలేవు. అయినా చిరుతలను చంపడం పరిష్కారం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని వేటాడరాదని శాసించింది. అందువలన అటవీశాఖ బోనులు అమర్చి కొన్ని చిరుతలను సజీవంగా పట్టుకొన్నది. దేవస్థానం మధ్యాహ్నం రెండు గంటల తరువాత చిన్నపిల్లలను ఆ మార్గంలో అనుమతించలేదు. భక్తులకు చేతికర్రలు ఇచ్చి, గుంపులుగా నడవవలసిందిగా కోరింది.

చిరుత బాట దగ్గరకు ఎందుకు వస్తుంది? మనం పారవేసిన తినుబండారాలకై కుక్కలు, పందులు చేరుతాయి. వాటికై చిరుత వస్తుంది. బోను ఒక చిరుతను పట్టగలదు. మన ఎంగిలి మరొకదానిని రప్పిస్తుంది. కావున కొండ ఎక్కేవారు ఆహారపు చెత్తను అడవిలో వదలరాదు. పసిబిడ్డకైనా, వన్యమృగానికైనా మనం చేయదగిన మొదటి మేలు ఇదే.