కార్డు చదవలేని కోడలు

ప్రశ్న: మా కోడలికి అయిదో నెల. బడి మొహం చూడలేదు. ఆసుపత్రి అంటే భయం, ఐరన్ మాత్రలు దాచేస్తోంది. ఏం చేయాలి?
– ఓ అత్తగారు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: చదువుకున్న గర్భిణులే పరీక్షలకు ఎక్కువగా వెళ్తారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపుతున్నాయి. అది తెలివిలో తేడా కాదండీ. ఓపీ చీటీలో ఏముందో, ఏ గదికి వెళ్లాలో తెలియక నిలబడితే, పైగా ఎవరైనా విసుక్కుంటే, మళ్లీ వెళ్లబుద్ధి కాదు.

మాత్రలు ఎందుకు దాచిందో మెల్లగా అడగండి. విరేచనం నల్లగా అవడం చూసి హడలిపోయిందేమో! ఐరన్ వేసుకుంటే అలా అవడం మామూలే. రాత్రి భోజనం తర్వాత ఇవ్వండి, టీతో మాత్రం వద్దు. తల్లీబిడ్డల కార్డులోని బొమ్మలు ఆశా కార్యకర్తతో చెప్పించండి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. తొలిసారి మీరే తోడు వెళ్లండి.

రక్తస్రావం, మూర్ఛ, భరించలేని తలనొప్పి, ముఖం వాపు, బిడ్డ కదలిక తగ్గడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.