ముచ్చట పెట్టడానికి లైసెన్సు

మన్నెగూడ అంటే చాలామందికి చేవెళ్ల దాటాక వచ్చే మన్నెగూడే గుర్తొస్తుంది. మాది అది కాదు. సాగర్ రోడ్డు మీద, ఇబ్రహీంపట్నం పోయే దారిలో ఉన్న మన్నెగూడ. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్ చుట్టుపక్కల పడ్డ వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు పడింది. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా. నాన్న ఉప్పల్‌లో డ్యూటీ దిగి బయల్దేరాడు. తొమ్మిదింటికి మాకు కరెంటు పోయింది. పదకొండు దాకా నాన్న ఫోన్ కలుస్తూనే ఉంది. ఆ తర్వాత మా ఫోన్లోనే సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. అమ్మ రాత్రంతా ఫోన్ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చుంది. పొద్దున ఏడింటికి నాన్న ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. ఏం కాలేదు, ఎల్బీ నగర్‌లో తెలిసినవాళ్లింట్లో పడుకున్నాడట. ఆ ఒక్క ముక్క మాకు చేరే దారి రాత్రంతా లేదు.

ఈసీఈలో చేరాక హామ్ రేడియో గురించి మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది. ఫ్రెండ్స్‌కి చెబితే అందరిదీ ఒకటే ప్రశ్న: "వాట్సాప్ ఉండగా అదెందుకురా?" న్యాయమైన ప్రశ్నే. జవాబు కొంచెం చుట్టు తిరిగి చెప్పాలి.

మీరు పక్క బెంచీ వాడికి ఫోన్ చేసినా మీ మాట నేరుగా వాడికి పోదు. టవర్‌కి పోతుంది, అక్కడి నుంచి కేబుల్ పట్టుకుని ఎక్స్‌చేంజికి పోతుంది, మళ్లీ టవర్‌కి వచ్చి వాడి చెవిలో పడుతుంది. కరెంటు పోతే టవర్ బ్యాటరీ కొన్ని గంటలు ఆగుతుంది, ఆ తర్వాత డీజిల్ పోసే మనిషి రావాలి. రోడ్డు మునిగితే ఆ మనిషి రాడు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో జరిగింది ఇదే, కాకపోతే చాలా పెద్దగా. హామ్ రేడియోలో ఈ మధ్యలోవాళ్లు ఉండరు. ఇక్కడొక ఏంటెనా, అక్కడొక ఏంటెనా, రెండు బ్యాటరీలు, రెండు చోట్లా వాడటం తెలిసిన మనుషులు. చివరిదే కష్టం. సెట్టు కొనొచ్చు, వాడటం తెలిసిన మనిషిని తుఫాను రోజున కొనలేం.

ఇక్కడొక తమాషా ఉంది. అమెచ్యూర్ లైసెన్సు ఉన్నవాళ్లు గాలిలో ఏం మాట్లాడుకోవచ్చో చట్టంలో రాసి ఉంది. ప్రయోగాలకు సంబంధించిన టెక్నికల్ సంగతులు మాట్లాడొచ్చు. అది కాకుండా ఫోన్ చేసి చెప్పేంత ప్రాముఖ్యం లేని సొంత ముచ్చట్లు మాట్లాడొచ్చు. అంతే. వ్యాపారం కుదరదు, డబ్బు తీసుకుని ఎవరి సందేశమూ పంపకూడదు, రహస్య కోడ్‌లో మాట్లాడకూడదు. అంటే ప్రభుత్వమే పరీక్ష పెట్టి, పాసైనవాళ్లకి పెద్దగా పనికిరాని మాటలు మాట్లాడుకోమని లైసెన్సు ఇస్తోంది! మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ నిబంధనలోనే అసలు తెలివి ఉందనిపిస్తోంది.

ఎందుకో చెప్పడానికి పోర్ట్ బ్లెయిర్ పోవాలి. హైదరాబాద్‌లో 1983లో మొదలైన సంస్థ ఒకటుంది, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. సోమాజిగూడ, రాజ్‌భవన్ రోడ్డు. హామ్‌లలో ఒక సరదా ఉంటుంది: ఎవరూ మాట్లాడని దేశాలతో, దీవులతో మాట్లాడి లెక్క పెంచుకోవడం. మనం చిన్నప్పుడు స్టాంపులు పోగేసినట్టే. అండమాన్ దీవుల నుంచి ఏళ్ల తరబడి ఏ హామూ గాలిలోకి రాలేదు కాబట్టి ప్రపంచమంతా దానికోసం కాచుకుని ఉంది. 2004 డిసెంబర్‌లో ఈ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం పర్మిషన్ తెచ్చుకుని అక్కడికి వెళ్లింది. ఆమె కాల్ సైన్ వీయూ2ఆర్‌బీఐ, అండమాన్‌లో వీయూ4ఆర్‌బీఐ. వాళ్లు వెళ్లిన పని చట్టం భాషలో చెప్పాలంటే బొత్తిగా ప్రాముఖ్యం లేనిది. హలో, మీ సిగ్నల్ ఫైవ్ నైన్, థాంక్యూ, తర్వాత ఎవరు?

డిసెంబర్ 26 పొద్దున భూకంపం, ఆ వెంటనే సునామీ. దీవుల మధ్య ఫోన్లు పోయాయి. బృందం తన సరదా ఆపేసి, అవే సెట్లు, అవే వైర్లు సహాయం పనికి మళ్లించింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక స్టేషన్, బాగా దెబ్బతిన్న కార్ నికోబార్‌లో ఇంకొకటి పెట్టుకుని, ఎవరు బతికున్నారు, ఎక్కడున్నారు అన్న కబుర్లు అటూ ఇటూ చేరవేశారు. ఇటువైపు దేశంలో ఎక్కడెక్కడి హామ్‌లో వాటిని అందుకుని ఇళ్లకి ఫోన్ చేసి చెప్పారు. విపత్తు వచ్చినప్పుడు ఇలాంటి సందేశాలకు నిబంధనలు సడలిస్తారు. అది సరే. కానీ అందరికీ ఆ రోజే ఫ్రీక్వెన్సీలు, ఒకరి గొంతు ఒకరికి, ఏ వేళకి ఏ బ్యాండ్ పలుకుతుందో ఎలా తెలుసు? రోజూ పనికిరాని ముచ్చట్లు పెట్టుకున్నారు కాబట్టి తెలుసు.

రేడియో క్లబ్బులు "నెట్" అని పెట్టేది ఇదే. ఒక టైముకి అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీదికి వస్తారు. ఒకరు కంట్రోలర్. ఆయన ఒక్కొక్కరినే పిలుస్తాడు, వాళ్లు కాల్ సైన్, ఊరు, అవతలివాళ్ల సిగ్నల్ ఎలా వినిపిస్తోందో చెబుతారు. వాన పడుతోందా, కొత్త ఏంటెనా కట్టారా, మీ అబ్బాయి పరీక్షలు అయ్యాయా. చివర్లో "సెవెంటీ త్రీ", అంటే శుభాకాంక్షలు. పైకి చూస్తే టీ కొట్టు దగ్గర కూర్చున్నట్టే. లోపల జరిగేది వేరు. ఎవరి డాబా ఎవరికి వినిపిస్తుందో తెలిసిపోతుంది. ఒకరు మాట్లాడుతుంటే పదిమంది నోరు మూసుకుని ఉండటం అలవాటవుతుంది (మన క్లాస్ గ్రూప్‌కి ఇదొక్కటి నేర్పితే చాలు). విన్న పేరు, నంబరు తిరిగి చదివి ఖాయం చేసుకోవడం అలవాటవుతుంది. బెంగాల్‌లో గంగాసాగర్ జాతరకి అక్కడి రేడియో క్లబ్ వాళ్లు సెట్లు పట్టుకుని వెళ్లి, తప్పిపోయిన ముసలివాళ్లని ఇంటివాళ్ల దగ్గరికి చేరుస్తుంటారు. అదీ ఈ అలవాటు పుణ్యమే.

ఇక మన బ్రాంచి వాళ్లకి ఇష్టమైన భాగం. లైసెన్సున్న హామ్ తన సెట్టు తనే తయారు చేసుకోవచ్చు. ఈ విషయంలో హైదరాబాద్ పేరు ప్రపంచమంతా తెలుసు, మనకే సరిగ్గా తెలియదు. అష్హర్ ఫర్హాన్, కాల్ సైన్ వీయూ2ఈఎస్‌ఈ, హైదరాబాదీ. బంజారాహిల్స్‌లో లామకాన్ పెట్టినవాళ్లలో ఆయన ఒకరు. అక్కడ నాటకాలు, సమోసాలతో పాటు లామకాన్ పేరుతోనే ఒక అమెచ్యూర్ రేడియో క్లబ్ కూడా ఉంది. ఇరవై ఏళ్ల కిందట ఆయన బిట్‌ఎక్స్ అనే సెట్టు డిజైన్ చేసి అందరికీ ఊరికే ఇచ్చేశాడు. 14 మెగాహెర్ట్జ్ మీద 6 వాట్ల ట్రాన్స్‌సీవర్.

అందులో అందం ఏంటంటే, దొరకనిదేదీ అడగదు. ఫిల్టర్‌కి కంప్యూటర్ బోర్డుల్లో ఉండే మామూలు 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్ చాలు. వాటికి తోడు సుమారు 4 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్. 10కి 4 కలిపితే 14. అనలాగ్ కమ్యూనికేషన్స్‌లో మనం పరీక్ష కోసం బట్టీ పట్టిన మిక్సర్ అంతా ఈ కూడికే. ఇంకో తెలివి, మధ్యలోని ఆంప్లిఫయర్లు రెండు దిక్కులా పనిచేస్తాయి. వింటున్నప్పుడు సిగ్నల్ ఒకవైపు నుంచి, మాట్లాడుతున్నప్పుడు రెండోవైపు నుంచి అదే ఫిల్టర్ గుండా పోతుంది. ఒకే తలుపులోంచి రావడం, పోవడం. దాంతో సగం సామాను మిగిలిపోతుంది. కాయిల్స్ చుట్టడానికి విదేశీ టొరాయిడ్ కోర్లు దొరకవని కుళాయిలో వేసే వాషర్ల మీద చుట్టాడు. శానిటరీ షాపులో దొరికే వాషర్లు! తర్వాత వచ్చిన రెడీమేడ్ బోర్డులకి కాయిల్స్ చుట్టింది ఇక్కడి మహిళల బృందమే. 2017 చివర్లో వచ్చిన మైక్రో బిట్‌ఎక్స్ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా పలుకుతుంది. విదేశాల్లో హామ్‌లు వాటిని తెప్పించుకుని బిగించుకున్నారు.

విద్యార్థులకి ఇదంతా అందేది కాదనుకోకండి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద ఇస్రో హామ్‌శాట్‌ని పంపింది. 42.5 కిలోలు, హామ్‌ల కోసమే. అందులో రెండు ట్రాన్స్‌పాండర్లు, ఒకటి మనవాళ్లు చేసింది, రెండోది నెదర్లాండ్స్‌లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి చేసింది. 2014 దాకా పనిచేసింది ఆ ఉపగ్రహం.

సరే, మన్నెగూడకి వద్దాం. 145 మెగాహెర్ట్జ్ దగ్గర చేతిసెట్టు తరంగం దాదాపు చూపు మేరకే పోతుంది. లెక్క సులువు: ఏంటెనా ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు. నేల మీద నిలబడితే ఎత్తు 1.5 మీటర్లు, అంటే 5 కిలోమీటర్లు. నాలుగంతస్తుల డాబా 15 మీటర్లనుకుంటే 16. అవతల కూడా అంతే ఎత్తయితే రెండూ కలిపి 32. మధ్యలో గుట్టలు, అపార్ట్‌మెంట్లు అడ్డం లేకపోతే సుమా. ఆ లెక్కన ఇక్కడి నుంచి సిటీ అందీ అందనట్టు ఉంటుంది. అందుకే క్లబ్బులు ఎత్తు మీద రిపీటర్ పెడతాయి, అది ఒక ఫ్రీక్వెన్సీలో విని ఇంకో ఫ్రీక్వెన్సీలో తిరిగి చెబుతుంది. 50 మీటర్ల ఎత్తున ఉంటే నేల మీది చేతిసెట్టు కూడా 34 కిలోమీటర్ల నుంచి దాన్ని పట్టుకోవచ్చు. కానీ రిపీటర్‌కీ కరెంటు కావాలి. దాని మీదే ఆధారపడితే మళ్లీ టవర్ కథే.

అదీ వద్దనుకుంటే 7 మెగాహెర్ట్జ్. తరంగం పైకి పోయి అయనోస్ఫియర్‌కి తగిలి కిందికి వస్తుంది కాబట్టి గుట్టల గొడవ లేదు. వైరు తక్కువ ఎత్తులో కట్టినా పగటిపూట వరంగల్, కర్నూలు, విజయవాడ వినిపిస్తాయి. కావాల్సింది ఇరవై మీటర్ల మామూలు కరెంటు వైరు, మధ్యలో కోసి అటు పది, ఇటు పది.

లైసెన్సు లేకుండా మాత్రం పీటీటీ నొక్కొద్దు. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే చైనా వాకీటాకీ కొని హాస్టల్లో ఆడుకోవడం హామ్ రేడియో కాదు, నేరం. పరీక్ష మరీ కష్టమేం కాదు, పన్నెండేళ్లు నిండితే చాలు. రేడియో థియరీ, నిబంధనలు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు, కాల్ సైన్ వీయూ3తో మొదలవుతుంది. మోర్స్ కూడా నేర్చుకుని జనరల్ గ్రేడ్ తెచ్చుకుంటే వీయూ2. ఈలోపు వినాలనిపిస్తే నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వాళ్ల రిసీవర్‌ని బ్రౌజర్‌లోనే తిప్పుకోవచ్చు. మొదట గరగర తప్ప ఏమీ అర్థం కాదు. పది నిమిషాలు ఓపిక పడితే ఎవరో ఎవరికో తమ ఊళ్లో వాన గురించి చెబుతుంటారు.

నేను పరీక్షకి చదువుతున్నా. మొన్న ఆదివారం డాబా మీద వాటర్ ట్యాంకు నుంచి ఎదురింటి కొబ్బరిచెట్టు దాకా టేపు పెట్టి కొలిచా. నాన్న ఒక కొస పట్టుకున్నాడు. 18 మీటర్లు వచ్చింది, రెండు తక్కువ. చివర్లు కిందికి వేలాడేస్తే సరిపోతుందని మా సీనియర్ అన్న చెప్పాడు. చెట్టు ఎదురింటి అంకుల్‌ది, వైరు కట్టనిస్తాడో లేదో అడగాలి. ఆయన కొడుకు కూడా ఆ రాత్రి మలక్‌పేటలో చిక్కుకుపోయాడని అమ్మ గుర్తుచేసింది. అక్కడి నుంచే మొదలుపెడదామనుకుంటున్నా.