విదేశములలో ఫైనాన్సు పట్టము: చదువు, అనుమతి, అప్పు

బి.కాం. గాని ఇంజనీరింగు గాని పూర్తిచేసిన కుమారుడో కుమార్తెయో విదేశమునకు పోయి ఫైనాన్సులో మాస్టర్సు చదివెదనని ఇంటిలో చెప్పినపుడు పెద్దలు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు. ఆ విశ్వవిద్యాలయమునకు పేరున్నదా? ఖర్చు ఎంత? రెండును అడుగదగినవే. కాని విద్యార్థి మనస్సులో నున్నది చదువు మాత్రమే కాదు. చదువు ముగిసిన పిదప అక్కడనే కొన్నేండ్లు ఉద్యోగము చేసి, అప్పు తీర్చి, చేతిలో కొంత నిలువ చేసికొనవలెనని ఆశ. పట్టము చేతికి వచ్చిన నాటినుండి ఆ దేశములో ఎన్ని నెలలు పనిచేయుటకు అనుమతి యుండును, ఆ గడువు తీరిన పిదప ఏ ఆధారముపై నిలువవలెను అను మూడవ ప్రశ్న చాల ఇండ్లలో ఎవరును అడుగరు. పట్టమిచ్చునది విశ్వవిద్యాలయము. అనుమతి ఇచ్చునది ప్రభుత్వము. ఉద్యోగమిచ్చునది కంపెనీ. ఈ ముగ్గురిలో ఒకరి మాటకు మరియొకరు పూచీపడరు.

అమెరికా సంగతి మొదట చూడవలెను. అక్కడ ఒక చిన్న సంఖ్య పెద్ద భేదమును కల్పించుచున్నది.

ఎఫ్-1 వీసాపై చదివినవారికి చదువు ముగిసిన పిదప తమ విద్యకు సంబంధించిన పనిలో 12 నెలలు ఉండుటకు అనుమతి దొరకును. దీనిని ఓ.పి.టి. అందురు. విజ్ఞానము, సాంకేతికము, ఇంజనీరింగు, గణితము అను నాలుగింటిని కలిపి అక్కడ స్టెమ్ అని పిలుతురు. స్టెమ్ జాబితాలోని విద్య చదివినవారికి 2016లో వచ్చిన నియమము ప్రకారము మరి 24 నెలల పొడిగింపు కలదు. అనగా మొత్తము 36 నెలలు. మరి ఫైనాన్సు ఈ జాబితాలో ఉన్నదా? ఉన్నదనియు చెప్పవచ్చును, లేదనియు చెప్పవచ్చును.

ఆ దేశపు విద్యాశాఖ ప్రతి చదువునకు ఆరంకెల సంఖ్య నొకదానిని ఏర్పరచినది. 52.0801 అనునది సాధారణ ఫైనాన్సు. ఇది స్టెమ్ జాబితాలో లేదు. 27.0305 అనునది ఫైనాన్షియల్ మేథమేటిక్స్, ఇది ఉన్నది. 2022 జనవరిలో జాబితాకు చేర్చిన 22 విద్యలలో ఫైనాన్షియల్ ఎనలిటిక్స్ కూడ ఒకటి. పట్టముపై ఫైనాన్సు అని ఒకే పేరు అచ్చువేయు రెండు విశ్వవిద్యాలయములలో ఒకటి తన పాఠ్యక్రమమును ఒక సంఖ్య క్రింద, రెండవది మరియొక సంఖ్య క్రింద నమోదు చేసియుండవచ్చును. పేరు చూచి ఇది తెలియదు. ప్రవేశము దొరకిన పిదప వచ్చు ఐ-20 పత్రములో ఆ సంఖ్య యుండును. కాని అంతవరకు ఆగుట తెలివి కాదు. దరఖాస్తు పెట్టకముందే ప్రవేశ కార్యాలయమునకు ఈ-మెయిలు వ్రాసి, సంఖ్యను అడిగి, వచ్చిన జవాబును భద్రపరచుకొనవలెను. కన్సల్టెంటు నోటిమాట చాలదు. చాలమంది కన్సల్టెంట్లకు కమిషను ఇచ్చునది విశ్వవిద్యాలయమే యను సంగతిని మరువరాదు.

లెక్కవేసిన గాని ఈ భేదము బోధపడదు. ఓ.పి.టి. పిదప అక్కడ నిలుచుటకు ఎక్కువమందికి గల మార్గము హెచ్-1బి. ఏటికి 65,000, అమెరికాలో మాస్టర్సు చదివినవారికి ప్రత్యేకముగా మరి 20,000 అని పరిమితి. కోరువారు అంతకంటె ఎక్కువగుటచే చీట్లు తీసినట్లు ఎంపిక జరుగును. కంపెనీ మార్చి నెలలో ఉద్యోగి పేరు నమోదు చేయును; ఎంపికైనవారికి అక్టోబరు 1 నుండి ఆ హోదా వచ్చును. మే నెలలో చదువు ముగించి జూనులో పనిలో చేరినవారికి 12 నెలలలో వచ్చు మార్చి ఒక్కటే. 36 నెలలున్నవారికి మూడు మార్చులు. ఒక్కసారి తప్పినచో మూట కట్టుకొని రావలసినవారొకరు, ఇంకను రెండుమారులు ప్రయత్నింప గలవారొకరు. ఇద్దరును ఒకే తరగతి గదిలో చదివినంత పనిచేసి యుండవచ్చును.

ఆ పొడిగింపు కూడ ఊరక రాదు. ఉద్యోగమిచ్చు సంస్థ ఇ-వెరిఫై అను ప్రభుత్వపు పద్ధతిలో చేరియుండవలెను. శిక్షణ పథకమును వ్రాసి సంతకము చేయవలెను. మొదటి 12 నెలల కాలములో ఉద్యోగము లేని దినములు మొత్తము 90కి మించరాదు. మూడు నెలలు వెదకుచు కూర్చుండుటకు వీలులేదని దీని అర్థము.

చీట్లు కూడ ఇపుడు అందరికి సమానము కావు. 2026 ఫిబ్రవరిలో అమలునకు వచ్చిన నియమము ప్రకారము జీతపు తరగతిని బట్టి పేరు నాలుగు సార్లవరకు చేరును. అన్నిటికంటె క్రింది తరగతివారి పేరు ఒక్కసారే. క్రొత్తగా చదువు ముగించినవారు ఎక్కువగా క్రింది తరగతులలోనే యుందురు. అంతకుముందు 2025 సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటింపబడినది. ఆ దేశములోనే యుండి విద్యార్థి హోదానుండి మారువారికి అది వర్తింపదని మరుసటి నెలలో వివరణ వచ్చినది. తిరిగివచ్చి, ఇక్కడినుండి మరల పిలిపించుకొనుట ఎంత కష్టమైనదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఇంతచదివి, ఎట్లయినను స్టెమ్ సంఖ్య గల చదువునే పట్టుకొనవలెనని పరుగెత్తుట మరియొక పొరపాటు. ఫైనాన్సులో స్థూలముగా రెండు తెగలు కలవు. ఒకటి లెక్కల పుస్తకములను చదివి కంపెనీ విలువ కట్టుట, పెట్టుబడులను నిర్వహించుట, అప్పుల యోగ్యతను తూచుట. రెండవది సంభావ్యతా గణితముతోను, కంప్యూటరు ప్రోగ్రాములతోను ఆప్షన్లవంటి ఒప్పందములకు ధర కట్టుట. కార్నెగీ మెలన్‌లోని కంప్యుటేషనల్ ఫైనాన్సు, న్యూయార్కు బరూక్ కాలేజీలోని ఫైనాన్షియల్ ఇంజనీరింగు ఈ రెండవ తెగవి. కలనగణితము, లీనియర్ ఆల్జీబ్రా, సి++ వంటివి ముందే వచ్చియుండవలెను. బి.కాం. చదివి, ఇంటర్మీడియెట్ పిదప గణితమును ముట్టనివారు 36 నెలల ఆశతో అందులో చేరినచో మొదటి సెమిస్టరే గడుచుట కష్టము. అట్టివారికి గణితము, స్టాటిస్టిక్సు ఒక ఏడాది ఇక్కడనే చదివి పోవుట కాలవ్యయము కాదు.

చదువు నిడివి కూడ చూడదగినది. తొమ్మిది పది నెలలలో ముగియు చదువునకు ఫీజు తక్కువ; కాని మధ్యలో వేసవి సెలవు లేదు గనుక ఇంటర్న్‌షిప్ ఉండదు. అక్కడి బ్యాంకులు స్థిరమైన ఉద్యోగములను చాలవరకు తమవద్ద వేసవిలో పనిచేసినవారికే ఇచ్చును. ఎం.ఐ.టి.లో మాస్టర్ ఆఫ్ ఫైనాన్సును 12 నెలలలోనైనను, 18 నెలలలోనైనను ముగించుటకు వీలు కల్పించినారు. ఉద్యోగానుభవము లేనివారికి ఎక్కువ కాలమే మేలు.

ఇంగ్లండు పద్ధతి వేరు. అక్కడ సంఖ్యలతో పనిలేదు. మాస్టర్సు ఏ విద్యలో చదివినను అనుమతి కాలము ఒకటే. చదువు ఒక్క సంవత్సరము గనుక ఖర్చు తగ్గును. కాని ఆ అనుమతియే వచ్చుచు పోవుచున్నది. చదువు పిదప రెండేండ్లు పనిచేయుటకు ఉండిన పాత ఏర్పాటును 2012 ఏప్రిల్‌లో ఎత్తివేసిరి. 2021 జూలై 1న గ్రాడ్యుయేట్ రూట్ అను పేర మరల తెరచిరి. 2027 జనవరి 1 నుండి దరఖాస్తు పెట్టువారికి రెండేండ్లకు బదులు 18 నెలలే యని నిర్ణయమైనది. 2025 సెప్టెంబరులో చేరి ఏడాదిలో ముగించి, ఆ సంవత్సరాంతము లోపల దరఖాస్తు పెట్టినవారికి రెండేండ్లు. 2026 సెప్టెంబరులో చేరినవారికి ఆరు నెలలు తక్కువ. ఫీజు కట్టిన నాడు గాక, దరఖాస్తు పెట్టు నాడు ఏ నియమము ఉన్నదో అదే వర్తించును.

ఆ కాలము తీరిన పిదప నిలువవలెనన్నచో లైసెన్సు గల యజమాని స్పాన్సరు చేయవలెను. అట్టి యజమానుల జాబితాను ప్రభుత్వమే అందరికి చూపుచున్నది, వెదకుట సులభము. 2025 జూలై 22 నుండి సామాన్య జీతపు హద్దు ఏటికి 41,700 పౌండ్లు, క్రొత్తగా ఉద్యోగములో చేరువారికి 33,400 పౌండ్లు అని నిర్ణయించిరి. ఈ తగ్గింపు మొత్తము నాలుగేండ్లకే. గ్రాడ్యుయేట్ రూట్‌లో గడిపిన కాలము కూడ అందులో లెక్కకు వచ్చును. మరియొక చిక్కు: లండనులోని పెద్ద సంస్థలు మరుసటి ఏటి ఉద్యోగములకు దరఖాస్తులను శరదృతువులోనే తీసికొనును. సెప్టెంబరులో దిగిన విద్యార్థి ఇంకను గది వెదకుకొనుచున్న వారములలోనే ఆ తలుపులు తెరచి మూయబడును. కనుక దరఖాస్తులను వేసవిలో ఇంటివద్దనే సిద్ధము చేసికొనవలెను.

ఇతర దేశములను గూర్చి కొద్దిగా. ఐర్లండులో మాస్టర్సు పిదప రెండేండ్లవరకు ఉండవచ్చును. డబ్లిన్‌లో 1987లో నెలకొల్పిన ఆర్థిక సేవల కేంద్రము వలన ఫండుల లెక్కల పని విరివిగా దొరకును. కెనడాలో 2024 ఫిబ్రవరి మార్పు పిదప రెండేండ్లకు తక్కువైన మాస్టర్సునకు కూడ మూడేండ్ల అనుమతి ఇచ్చుచున్నారు. జర్మనీలో ఉద్యోగము వెదకుటకు 18 నెలలు. కాని ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకులో ఆంగ్లముతో ఇంటర్వ్యూ గడచినను జర్మను రానివారికి పై మెట్లు ఎక్కుట కష్టము.

విశ్వవిద్యాలయములు ప్రకటించు ఉద్యోగముల నివేదికను వర్తకుడు చిట్టా చదివినట్లు చదువవలెను. నూటికి తొంబదిమందికి ఉద్యోగములు వచ్చినవన్నచో, ఆ నూరుగురు ఎవరు? తరగతిలోని అందరా, ఉద్యోగము కోరినవారా, ప్రశ్నకు జవాబిచ్చినవారు మాత్రమేనా? వారిలో వీసా అవసరములేని ఆ దేశస్థులు ఎందరు? ఉద్యోగము వచ్చినది ఆ దేశములోనా, తిరిగివచ్చిన పిదప ముంబాయిలోనా? నివేదికలో ఇవి లేనిచో అడుగవలెను. జవాబు రాకపోవుట కూడ ఒక జవాబే.

ఇక అప్పు. 50 లక్షల రూపాయలు పదిన్నర శాతము వడ్డీకి తీసికొని పదేండ్లలో తీర్చవలెనన్నచో నెలకు సుమారు 67,500 రూపాయలు కట్టవలెను. చదువుకొను కాలములో ఏమియు కట్టక, మొత్తము సొమ్ము మొదటినుండియే వడ్డీ పెరుగుచు రెండేండ్లు గడచినచో బాకీ అరువది లక్షలు దాటును. నెలసరి కంతు 81,600 దాపునకు వచ్చును. చదువు కాలములో తండ్రి వడ్డీ మాత్రమైనను కట్టగలిగినచో ఈ పెరుగుదల ఆగును. పెద్ద అప్పులకు బ్యాంకు సాధారణముగా ఇంటి పత్రములను అడుగును. తండ్రియో తల్లియో సహ ఋణగ్రహీతగా సంతకము చేయుదురు. విద్యార్థి అక్కడ నిలువలేకపోయినచో ఆ కంతు ఎవరిపై పడునో పత్రములోనే యున్నది.

కావున లెక్కను డాలర్ల జీతముతో గాక, తిరిగివచ్చినచో హైదరాబాదులోనో బెంగుళూరులోనో చెన్నైలోనో దొరకు మొదటి జీతముతో వేయవలెను. ఆ నగరములలో విదేశీ బ్యాంకుల పెద్ద కార్యాలయములున్నవి. ఫైనాన్సు పట్టము అక్కడ వ్యర్థము కాదు. సి.ఎఫ్.ఎ. పరీక్షలను ఇక్కడినుండియే వ్రాయవచ్చును. ఎఫ్-1 వీసా ఇంటర్వ్యూలో తిరిగివచ్చు ఉద్దేశమున్నదా యని అధికారి అడుగును. చాలమంది నేర్చుకొనిన జవాబు నప్పగింతురు. ఇంటివద్ద ఈ లెక్క వేసికొని పోయిన విద్యార్థికి నేర్చుకొనవలసిన జవాబు ఉండదు. తిరిగివచ్చిన పక్షమున ఏ ఊరిలో ఏ పనికి ప్రయత్నించునో, నెలకు ఎంత కట్టగలడో ఉన్నదున్నట్లు చెప్పగలడు.

ఆ జీతముపై కంతు కట్టి ఇల్లు గడచునని తేలినచో దరఖాస్తు పెట్టవచ్చును. గడవదని తేలినచో స్కాలర్‌షిప్ వచ్చిన చోటికో, ఒక్క ఏడాది చదువునకో మారవలెను. లేదా రెండేండ్లు ఇక్కడ ఉద్యోగము చేసి, కొంత కూడబెట్టి, అనుభవముతో పోవలెను. ఆ అనుభవము ఇంటర్వ్యూలలోను, జీతపు తరగతిలోను పనికివచ్చును.